నీళ్ల మోటారుకు స్మార్ట్ ప్లగ్ చాలునా?

ఫోనులో తాకగానే నీళ్ల మోటారు నడవడం సౌకర్యమే. అయితే స్మార్ట్ ప్లగ్‌పై 16 ఆంపియర్లు అని ముద్రించినంత మాత్రాన అది మోటారుకు తగినదని భావించరాదు. సాధారణంగా ఆ అంకె హీటరు, ఇస్త్రీపెట్టె వంటి వాటికి వర్తిస్తుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి అనేక రెట్లు లాగుతుంది. ఆ తాకిడికి ప్లగ్ లోపలి రిలేలోని చిన్న లోహపు బిళ్లలు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అప్పుడు మీ ఫోను ‘ఆఫ్’ అని చూపుతూనే ఉంటుంది, మోటారూ తిరుగుతూనే ఉంటుంది. సంపు ఎండిపోతే మోటారు కాలిపోతుంది.

అందుచేత ప్లగ్ కాంటాక్టరును మాత్రమే నడిపేలా, మోటారు భారాన్ని కాంటాక్టరు మోసేలా ఎలక్ట్రీషియన్‌తో అమర్చించుకోండి. ఓవర్‌లోడ్ రిలేను కూడా పెట్టించండి. ఈ ఖర్చు కొత్త మోటారు ఖరీదు ముందు స్వల్పమే.

మిక్సీకి, గ్రైండరుకు మాత్రం స్మార్ట్ ప్లగ్ అసలే వద్దు. ఎక్కడో ఉండి ఆన్ చేసేవారికి గిన్నెలో చేయి పెట్టిన ఇల్లాలు కనబడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు కొన్ని ప్లగ్గులు వాటంతటవే ఆన్ అవుతాయి కూడా. నీళ్ల మోటారుకు వాడేవారు యాప్‌లో ఆ అమరికను ‘ఆఫ్’కు మార్చి, ఒకసారి మెయిన్ కట్టేసి, మళ్లీ వేసి పరీక్షించండి.