పుట్టిలో ఒంటరిగా

మన కామాఠీపురా చాళ్ళలో జీవితమంతయు గడపి, విశ్రాంతికై పాలమూరు పల్లెలకు మరలిన పెద్దలకు కృష్ణలో పుట్టి వేసికొని పోవలెనన్న కోరిక సహజము. మేము దానిని తప్పుపట్టము. చిన్ననాటి ఈత మరపునకు రాదు. నాటి ఊపిరి మాత్రము నిలువదు.

ముంబయి రేవునే తలచుడు. 18 డిసెంబరు 2024న ఎలిఫెంటా పడవను నౌకాదళపు వేగపడవ ఢీకొనగా 15 మంది మరణించిరి. ఇతర నావలు చేరి అనేకులను కాపాడెను. ఒంటరి పుట్టిని చేరువారెవరు?

కావున పెద్దలారా, ఏ రేవున దిగుదురో, ఎన్నింటికి మరలుదురో ఇంట చెప్పి పోవలెనని మా మనవి. లైఫ్ జాకెట్టును పుట్టిలో పడవేయక ఒంటికి బిగించుకొనుడు. నడినీట లేచి నిలువకుడు. వేళ దాటినచో ఇంటివారు సంకోచింపక 112కు ఫోను చేయవలెను. ఇది పిరికితనము కాదు. రేపును ఏటికి పోగలుగు ఉపాయము.