ఐదో సెక్షన్ కనబడింది, పదహారోది కనబడలేదు

రోజుకు పది గంటలు, వారానికి అరవై. 2020 మే 22న కర్ణాటక ప్రభుత్వం ఫ్యాక్టరీలకు ఇచ్చిన ఈ వెసులుబాటు పనిచేసేవాడికి కాదు, పని చేయించుకునేవాడికి. దాన్ని రద్దు చేయాలన్నదే అప్పుడు మా డిమాండ్.

గంటల కంటే మాకు ఎక్కువ కంటగింపు, వాటికి చూపిన సాకు. ఫ్యాక్టరీల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఇది ‘ప్రజా అత్యవసర పరిస్థితి’ అట. దాని అర్థం ఆ సెక్షన్‌లోనే రాశారు: యుద్ధం, విదేశీ దురాక్రమణ, అంతర్గత కల్లోలం వల్ల దేశ భద్రతకు ముప్పు. బళ్లారి కౌల్ బజార్ సందులో జీన్స్ కుట్టే మనిషి ఎవరి మీద దండెత్తాడు? కొవిడ్ పెద్ద ఆపదే, కాదనం. కానీ ఒకరి పక్కన ఒకరు ఎక్కువసేపు ఉండొద్దని వీధివీధినా మైకు పెట్టి చెప్పిందీ ఆ ప్రభుత్వమే. ఆ రోగం పేరు చెప్పి అదే మనిషిని అదే గదిలో మరింతసేపు కూర్చోబెట్టిందీ ఆ ప్రభుత్వమే!

అదే చట్టంలో పదహారో సెక్షన్ ఉండేది. చట్టం తర్వాత కట్టిన ఫ్యాక్టరీల్లో ఒక్కో కార్మికుడికి 14.2 ఘనపు మీటర్ల చోటుండాలంది. నేల నుంచి 4.2 మీటర్లకు పైనున్న ఖాళీని లెక్కలో చూపకూడదంది. పదమూడోది గాలి ఆడాలంది. అంటురోగం రోజుల కోసమే రాసిపెట్టినట్టున్న పేజీలివి. ఐదో సెక్షన్ దుమ్ము దులిపిన చేతులకు ఇంకో నాలుగు పేజీలు తిప్పే ఓపిక లేకపోయింది.

తక్కువ మందితో నడపాలంటే గంటలు పెరగక తప్పదన్న వాదనలో కొంత పస ఉంది. మందిని తగ్గించి తీరాలన్న షరతు పెట్టి ఉంటే ఇంకొంత ఉండేది.

మన జీన్స్ పనిలో చాలా భాగం పదిమందైనా లేని గదుల్లో, ఇళ్లలో పీసు లెక్కన సాగుతుంది. ఫ్యాక్టరీల చట్టం ఆ గడప తొక్కేది కాదు. ఈఎస్‌ఐ ఉన్నవారికి జబ్బు రోజుల్లో 70 శాతం వేతనమైనా వస్తుంది. పీసు కుట్టేవాడు జ్వరంతో పడుకుంటే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకే మాత్ర మింగి మిషన్ ఎక్కుతాడు. అతడికి పడకేసిన రోజుల కూలి ఎవరిస్తారో చెప్పకుండా జాగ్రత్తల పాఠాలు ఎవరికి?

తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో కొవిడ్ కేసులు బయటపడుతున్నా పది గంటల నోటిఫికేషన్ అప్పటికి చెక్కుచెదరలేదు. గడువు ఆ ఏడాది ఆగస్టు 21 దాకా పెట్టారు. అందాకా ఆగడానికి వీల్లేదన్నాం. రద్దు ఉత్తర్వు ఆ వారమే రావాలన్నాం; పదిమంది దాటిన ప్రతి యూనిట్‌కూ చోటు కొలవడానికి టేపు పట్టుకుని ఇన్‌స్పెక్టర్ రావాలన్నాం.