స్లీపింగ్ బ్యాగు లేదని ఎవరూ ఆగిపోకూడదు

కొండలెక్కడం డబ్బున్నవాళ్ళ పిల్లల సరదా అనుకునే రోజులు పోయాయి. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. భువనగిరి కొండ మీద, డార్జిలింగులో పొందిన శిక్షణ వాళ్ళను అక్కడిదాకా తీసుకెళ్ళింది.

మన హాస్టళ్ళలోనూ క్యాంపు అనగానే చేతులెత్తేవాళ్ళు చాలామంది. కానీ క్యాంపు కాగితంలో "స్లీపింగ్ బ్యాగు ఎవరిది వారే తెచ్చుకోవాలి" అనే వాక్యం చదివాక కొన్ని చేతులు దిగిపోతాయి. కూలి పనులు చేసే అమ్మానాన్నలను అడగలేక "నాకు ఇష్టం లేదు" అని చెప్పేస్తారు. అందుకే ప్రతి హాస్టల్లో పది స్లీపింగ్ బ్యాగులైనా ఉమ్మడిగా ఉండాలని మా అభిప్రాయం. అయితే కొనేటప్పుడు తెలిసి కొనాలి.

మొదట ఒక విషయం తెలుసుకోవాలి. స్లీపింగ్ బ్యాగు వేడి పుట్టించదు, మన ఒంటి వేడిని బయటకు పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, అంతే. ఖాళీ కడుపుతోనో, తడి బట్టలతోనో పడుకుంటే ఎంత ఖరీదైనదైనా చలి ఆపలేదు.

అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగుల మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉష్ణోగ్రతలు ఉంటాయి. దుకాణంలో గొప్పగా చూపించేది తరచుగా మూడోదే. నిజానికి అది ప్రాణం నిలుపుకోవడానికి సంబంధించిన అంకె, నిద్రకు కాదు. మనం చూడాల్సింది కంఫర్ట్ అంకె. పైగా ఈ అంకెలు పెద్దవాళ్ళను దృష్టిలో పెట్టుకుని వేసినవి. మన పిల్లలు బక్కపలచని వాళ్ళు కాబట్టి, వెళ్ళే చోటి చలికంటే అయిదు డిగ్రీలు తక్కువకు పనికొచ్చేది తీసుకోవడం మంచిది.

అరకు, లంబసింగి వైపు చలికాలం తెల్లవారుజామున వేడిమి ఒక్కోసారి సున్నాకు దగ్గరగా దిగుతుంది. అలాంటి చలి రాత్రులకు పైన చెప్పిన లెక్క వేసుకుంటే చాలు. మంచుకొండలకు తయారుచేసిన బరువైన బ్యాగు ఇక్కడ చెమట పట్టించడానికే పనికొస్తుంది. డార్జిలింగు వంటి చోట శిక్షణకు వెళ్ళేవాళ్ళకు సామాను ఆ సంస్థే ఇస్తుంది.

లోపల నింపే సరుకు రెండు రకాలు. బాతు నూగు తేలిక, వెచ్చన. కానీ తడిస్తే ఉండకట్టి పనికిరాకుండా పోతుంది, ధర కూడా ఎక్కువే. పాలిస్టర్ దూది కాస్త బరువైనా, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, ఉతకడం సులువు. పదిమంది వాడే ఉమ్మడి సామానుకు పాలిస్టరే నయం.

బ్యాగు ఒక్కటే చాలదు. ఒంటి బరువుకు అడుగుభాగం నలిగిపోయి నేల చలి నేరుగా తగులుతుంది. కింద ఫోమ్ చాప తప్పనిసరి. ఒకరు పడుకున్న దాంట్లో మరొకరు పడుకోవాలంటే లోపల ఒక గుడ్డ సంచి కావాలి. దానికి అమ్మ పాత నూలు చీర కుట్టించుకుంటే సరిపోతుంది. పొట్టివాళ్ళకు బ్యాగు పెద్దదైతే కాళ్ళ దగ్గర మడిచి తాడుతో కట్టాలి, ఖాళీ ఎక్కువైతే చలి ఎక్కువ. క్యాంపు అయ్యాక చిన్న సంచిలో కుక్కి పెట్టకుండా, ఆరబెట్టి వదులుగా వేలాడదీస్తే ఏళ్ళ తరబడి మన్నుతుంది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలు, బొకేల ఖర్చు తగ్గించి, ఒక్కొక్క బ్యాచ్ తరఫున ఒక్క బ్యాగు, ఒక్క చాప ఇవ్వండి. వార్డెన్ గారు వాటిని స్టాకు రిజిస్టరులో ఎక్కించి, అడిగిన ప్రతి విద్యార్థికీ ఇవ్వాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వచ్చే క్యాంపుకు ఎత్తిన చేయి దించకండి. కొండ ఎక్కే దమ్ము మీకుంది, రాత్రి వెచ్చగా పడుకునే ఏర్పాటు మనమంతా కలిసి చేసుకుందాం.