జీర్ణించుచున్న సాక్ష్యములు

నన్నయభట్టు స్వహస్తమున వ్రాసిన తాళపత్రము ఒక్కటియు మనకు దక్కలేదు. అయినను ఆయన భారతము దక్కినది. ఆకు శిథిలము కాకమునుపే మఱియొక ఆకుపై ఎత్తివ్రాసిన వ్రాయసకాండ్రు, మనకు పేరైనను తెలియనివారు, తరతరములుగా నుండుటయే దీనికి కారణము. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల కోవెలలో భద్రపఱచిరి. రాగికి చెదలు పట్టదు. కాని చూచువారు లేక ఆ రేకులు శతాబ్దములపాటు మఱుగుపడియుండెను. 1503లో పరమపదించిన ఆ మహానుభావుని కీర్తనలు 32,000 అని ప్రతీతి. నేడు దొరకినవి అందు సగమైనను లేవు.

మన గ్రామచరిత్రల సంగతియు నిట్టిదే. సర్వేయుద్యోగి యగు మెకంజీ దొర కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయమున ఊరూర కైఫీయతులు సేకరింపజేసెను. అతడు 1821లో మరణింపగా కుంపినీవారు ఆ సంచయమును లక్షరూపాయలకు కొనిరి. పరాయివాడు తన ప్రయోజనమునకై చేయించిన పని యని ఈసడించుట సులభము. నేడు ఒక తెలుగు పల్లె పూర్వోత్తరము వ్రాయగోరువాడు ఆ కైఫీయతులనే ఆశ్రయింపవలసియున్నదని చెప్పుకొనుటకు మాత్రము మాకు సిగ్గుగా నున్నది.

ఆ సిగ్గును కొంత తుడిచినవారు మన గ్రంథాలయోద్యమకారులు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును ప్రభుత్వము స్థాపింపలేదు, ప్రజలు స్థాపించిరి.

అట్టి నిలయములలోని పాతపత్రికలే నేడు మిక్కిలి ప్రమాదమున నున్నవి. 1902లో బందరున వెలసిన కృష్ణాపత్రిక, 1926లో హైదరాబాదున వెలసిన గోలకొండపత్రిక మొదలగువాని నాటి సంచికలు కొయ్యగుజ్జు కాగితముపై అచ్చయినవి. ఆ కాగితమందలి ఆమ్లమే దానిని తినివేయును. తాటియాకు రెండు మూడు శతాబ్దములు నిలుచుట కద్దు. ఈ కాగితము నూఱేండ్లకే పసుపువాఱి, వ్రేలు సోకిన పెళుసులుగా రాలుచున్నది. యంత్రముతో ఛాయాప్రతులు తీయుచున్నారు, మంచిదే. కాని ఆ ప్రతులను నిలుపు పేటికలును చెడిపోవునవియే. వానిని కాలానుగుణముగ క్రొత్తవానిలోనికి ఎత్తింపవలయును. వ్రాయసకాని పని తీఱలేదు, పరికరము మాత్రమే మాఱినది.

ధనమెక్కడిదందురా? ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయములకై వసూలు చేయవలెనని 1960 నాటి శాసనమే నిర్దేశించినది. ప్రజలు చెల్లించుచున్నారు. వసూలు చేసిన స్థానిక సంస్థలు దానిని గ్రంథాలయ సంస్థలకు అందింపక బకాయిపెట్టుట చిరకాలముగ వాడుకయైనది. ప్రజలు అక్షరమునకై యిచ్చిన సొమ్మును వేఱొకదానికి మళ్లించు అధికారము వీరికెవరిచ్చిరి? ఆ బకాయిలు వెంటనే రాబట్టి, అందొక భాగమును పాతప్రతుల రక్షణకే ప్రత్యేకింపవలెనని మేము కోరుచున్నాము.

మా చదువరులకును ఒక మనవి. అటకపైనున్న తాతలనాటి కాగితపు కట్టలను తూకమునకు అమ్మివేయుటకు ముందు, దగ్గఱనున్న గ్రంథాలయాధికారికి ఒక్కమాఱు చూపుడు.