ఇంటి బీమా: ప్రీమియం కన్నా షరతు ముఖ్యం

ప్రొద్దుటూరు: బస్తాలో చేయి పెట్టి, గింజ నలిపి, తేమ చూసి గాని వేరుశనగకు ధర చెప్పని వర్తకుడు తన ఇంటి బీమా పత్రంపై మాత్రం చదవకుండానే సంతకం చేస్తున్నాడు. ప్రీమియం ఎంత అని అడగడం, పక్క కొట్టు యజమాని ఎంత కట్టాడో విచారించడం, తక్కువ చెప్పిన కంపెనీకి చెక్కు రాయడం, చాలామంది విషయంలో బీమా ఎంపిక ఇంతటితో ముగుస్తున్నది. నష్టం జరిగిన నాడు చూసుకుంటే పత్రంలో ఇల్లు ఉంటుంది గాని ఇంట్లోని విలువైన సొత్తు ఉండదు. ఇందుకు కంపెనీని నిందించి లాభం లేదు. సరుకు చూడకుండా రేటు మాత్రమే చూసి కొన్న బేరం ఇది.

ఈ ప్రాంతానికి నష్టభయం కొత్త కాదు. పాపఘ్ని కొండను చీల్చుకొని వచ్చిన చోటికి గండి అని పేరు. పెన్న చీల్చిన చోట గండికోట వెలసింది. ఎండాకాలంలో ఇసుక తప్ప ఏమీ కనిపించని ఏరు ఒక్క రాత్రిలో ఏమి చేయగలదో 2021 నవంబరులో కడప జిల్లా చూసింది. ఆ నెల 19న చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతంలోని గ్రామాలను వరద ముంచెత్తింది. అదే వానలకు కమలాపురం వద్ద పాపఘ్నిపై వంతెన దెబ్బతిని రాకపోకలు నిలిచిపోయాయి. ఇన్నేళ్లుగా ఏమీ జరగలేదన్న మాట బీమా వద్దనడానికి కారణం కాజాలదు.

మూల పాలసీలో ఏమున్నది?

ఇళ్లకు ప్రస్తుతం అమలులో ఉన్న ప్రామాణిక పాలసీ పేరు భారత్ గృహ రక్ష. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం గల బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 1973లో బీమా జాతీయమైన తర్వాత మిగిలిన నాలుగు ప్రభుత్వ కంపెనీలు, అంటే న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్, వాటితో పాటు ప్రైవేటు కంపెనీలు కూడా దీనిని అమ్ముతున్నాయి. మూల షరతులు ఎవరి వద్ద తీసుకున్నా ఒకటే. అగ్ని ప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, నీటి ట్యాంకులు, గొట్టాలు పగిలి కలిగే నష్టం ఇందులోకి వస్తాయి. ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే బాగయ్యే వరకు వేరే ఇంటి అద్దె కూడా లభిస్తుంది.

ఒకే గ్రేడు సరుకు ఇద్దరి వద్ద ఉన్నప్పుడు తక్కువ ధర చెప్పిన వాని వద్ద కొనడం వర్తక ధర్మమే. కనుక ఈ మూల పాలసీ వరకు ప్రీమియం పోల్చి చూడటంలో తప్పు లేదు. చిక్కు ఎక్కడంటే, ప్రొద్దుటూరు వర్తకుని ఇంటికి ఉన్న అసలు భయాలలో కొన్ని ఈ పాలసీ వెలుపల ఉన్నాయి. గ్రేడు మారేది అక్కడే. పోల్చి చూడవలసింది అక్కడే.

ఎంత మొత్తానికి?

మొదట ఇంటి విలువ సంగతి. నడి బజారులో స్థలం ఖరీదు చూసి ఇంటికి అంత మొత్తం బీమా చేయించనక్కరలేదు. మంటల్లో స్థలం కాలిపోదు. కార్పెట్ ఏరియాను ఈనాటి నిర్మాణ వ్యయంతో హెచ్చిస్తే వచ్చే మొత్తమే లెక్క. 1,200 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు 2,000 రూపాయల చొప్పున ఖర్చవుతుందనుకుంటే 24 లక్షలకు బీమా చేయాలి. అందులో 20 శాతం, అనగా 4 లక్షల 80 వేల రూపాయల మేరకు, ఇంటి సామానులకు విడిగా జాబితా ఇవ్వకుండానే రక్షణ లభిస్తుంది. ఈ విధంగా వచ్చే మొత్తానికి పరిమితి 10 లక్షలు. అంతకు మించి సామానులు ఉన్నవారు జాబితా ఇచ్చి, అదనపు ప్రీమియం చెల్లించి పెంచుకోవచ్చు. అనేక సంవత్సరాలకు ఒకేసారి తీసుకునే పాలసీలో ఇంటి మొత్తం ఏటా 10 శాతం చొప్పున దానంతట అదే పెరుగుతుంది. సిమెంటు, ఇనుము ధరల ధోరణి తెలిసిన వారికి ఈ సదుపాయం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇంటి నిర్మాణం ఎటువంటిదో దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఈ సీమలో నాపరాయి పరచిన పాత మిద్దెలు ఇంకా ఉన్నాయి. వెనుక పశువులకో, మేతకో గడ్డి కప్పిన కొట్టాలు ఉన్న ఇళ్లూ ఉన్నాయి. గడ్డి, ఆకులు, వెదురు, టార్పాలిన్ కప్పులను కంపెనీలు కచ్చా నిర్మాణంగా పరిగణిస్తాయి. ఈ సంగతి చెప్పకుండా దాచి మిగుల్చుకున్న ప్రీమియం కన్నా, క్లెయిము నాడు ఎదురయ్యే నష్టం ఎన్నో రెట్లు ఉంటుంది.

బంగారం ఎక్కడ?

రెండవ బొంబాయి అని పేరు పడిన ప్రొద్దుటూరులో ఇంటి సొత్తు అంటే మంచాలు, బీరువాలు కాదు. బీరువాలో ఉన్నది. మామూలు సామానుల రక్షణ నగలకు వర్తించదు. నగలను విలువైన వస్తువుల కింద ప్రత్యేకంగా చేర్పించి, కంపెనీతో విలువ ముందుగా ఒప్పుకోవాలి. మొత్తం 5 లక్షల లోపు, ఏ ఒక్క వస్తువూ లక్ష రూపాయలకు మించకుండా ఉంటే విలువ నిర్ధారణ పత్రం అక్కరలేదు. అయితే 10 గ్రాముల మేలిమి ధర 2025లోనే లక్ష రూపాయలు దాటింది. ఇప్పుడు ఈ మినహాయింపు మూడు, నాలుగు తులాలకు సరిపోతే గొప్ప. ఐదేళ్ల కిందటి ధరకు రాయించిన మొత్తాన్ని అలాగే రెన్యూవల్ చేస్తూ వస్తున్న వారు వెంటనే సవరించుకోవడం మంచిది. బిస్కెట్ల రూపంలోని బంగారం, పొదగని రాళ్లు, నగదు, దస్తావేజులు, చెక్కులు ప్రత్యేకంగా రాయించనిదే ఈ పాలసీలోకి రావు.

దొంగతనం సంగతి మరీ ముఖ్యం. వరద గాని, అగ్ని ప్రమాదం గాని జరిగి, దాని కారణంగా ఏడు రోజుల లోపు జరిగిన దొంగతనానికి మాత్రమే మూల పాలసీ వర్తిస్తుంది. ఇంటిల్లిపాదీ తిరుమల వెళ్లిన రాత్రి తాళం పగలగొడితే మూల పాలసీ కింద పైసా రాదు. దానికి దొంగతనం రక్షణ వేరుగా తీసుకోవాలి. అందులోనూ తలుపో, తాళమో పగలగొట్టిన ఆనవాలు ఉండాలన్న షరతు, ఇంట్లోవారు, పనివారు చేసిన చోరీకి మినహాయింపు సాధారణంగా ఉంటాయి. ప్రీమియంలో వ్యత్యాసం కనిపించినప్పుడు ఈ రెండు వాక్యాలు ఎలా ఉన్నాయో చూడాలి.

నగలు బ్యాంకు లాకరులో ఉన్నాయి గనుక చింత లేదనుకోవడమూ సరికాదు. 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్ని ప్రమాదం, దోపిడీ, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటి సందర్భాలలో బ్యాంకు బాధ్యత లాకరు వార్షిక అద్దెకు నూరు రెట్లు. ఏడాదికి 2,000 రూపాయల అద్దె అయితే 2 లక్షలు. వరద, భూకంపం వంటి ప్రకృతి వైపరీత్యాలలో, బ్యాంకు నిర్లక్ష్యం లేనప్పుడు ఆ మాత్రమూ ఉండదు.

కింద కొట్టు, పైన కాపురం

ఈ మూడు పట్టణాలలో కింద కొట్టు, పైన కాపురం ఉన్న ఇళ్లు అనేకం. గృహ రక్ష పాలసీ కాపురానికే గాని కొట్టుకు కాదు. వసారాలో పేర్చిన శనగ బస్తాలు, వెనుక గదిలోని పత్తి, నూనె డబ్బాలు, బట్టల తానులు ఇంటి సామానుల కిందకు రావు. ఒక చోట ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, ఆపైన 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అనే పాలసీలు ఉన్నాయి. నగల వ్యాపారులకు జ్యూయలర్స్ బ్లాక్ పాలసీ వేరు. భవనంలో వ్యాపారం జరుగుతున్నదని రెండు పాలసీల దరఖాస్తులలోనూ స్పష్టంగా తెలపాలి.

కొట్టు పాలసీలో తక్కువ మొత్తానికి బీమా చేస్తే దెబ్బ రెండింతలు. 40 లక్షల నిలవకు 20 లక్షలే బీమా చేసి, 10 లక్షల సరుకు కాలితే వచ్చేది 10 లక్షలు కాదు, 5 లక్షలు. సగం విలువకే బీమా ఉన్నది గనుక సగం నష్టమే చెల్లిస్తారు. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో 15 శాతం లోపు తేడాను పట్టించుకోరు, ఆపైన కోత తప్పదు. ఇంటి పాలసీలో ఈ కోతను తొలగించారు. అయినా పత్రంలో రాసిన మొత్తానికి మించి మాత్రం ఇవ్వరు. రైతులు, ఇతర వర్తకులు కమీషనుపై ఉంచిన సరుకును మండీ వర్తకులు విడిగా రాయించుకోవాలి. ధర పెరుగుతుందని నిలవ చేసిన సరుకు కాలితే, రాబోయే లాభానికి బీమా వర్తించదు.

బ్యాంకు చేయించిన పాలసీ

ఇంటిపై అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు చేయించిన బీమా ఉన్నది గదా అని ఊరుకునేవారు ఎక్కువ. బ్యాంకు చూసుకునేది తన బాకీని. ఆ పాలసీ అప్పు మొత్తానికే ఉన్నదా, నిర్మాణ వ్యయం మొత్తానికి ఉన్నదా అన్నది చూడాలి. 24 లక్షల ఇంటికి 10 లక్షల అప్పు మేరకే పాలసీ ఉంటే, నష్టం జరిగినప్పుడు వచ్చిన సొమ్ము ముందుగా బ్యాంకు ఖాతాకే జమ అవుతుంది. అప్పు తీరుతుంది గాని ఇల్లు లేవదు. అప్పు తీరిన తర్వాత పాలసీ ఆగిపోయిందా, సాగుతున్నదా అన్నది కూడా ఎవరూ గుర్తుచేయరు.

లెక్కలు భద్రం

నష్టం జరిగినప్పుడు సర్వేయరు అడిగేది బిల్లులు, ఫోటోలు, స్టాకు రిజిస్టరు. చిట్టా, ఆవర్జాలు సరుకుతో పాటే కాలిపోతే రుజువు కష్టం. వాటి నకళ్లు, నగల రసీదులు, ఇంటి లోపలి ఫోటోలు వేరొక ఊరిలోని బంధువుల వద్దనో, ఆడిటరు వద్దనో ఉంచడం వివేకం. క్లెయిము అన్యాయంగా తోసిపుచ్చారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫలితం లేకుంటే ఏడాది లోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము లేదు.

కంపెనీలన్నీ ఒకటేనని, క్లెయిము ఎలాగూ రాదని బజారులో వినిపించే మాటకు సగమే విలువ ఇవ్వాలి. మూల పాలసీ అందరిదీ ఒకటే, నిజమే. నగలు, దొంగతనం, కొట్టు సరుకు విషయంలో ఒకటి కాదు. ఒకే మొత్తానికి, ఒకే రక్షణలకు మూడు కంపెనీల నుంచి కాగితంపై రేటు తెప్పించి, మినహాయింపుల పేజీని పక్కపక్కన పెట్టి చదివిన తర్వాతనే ప్రీమియం బేరం ఆడాలి. లారీ సరుకుకు తూకం వేయించకుండా డబ్బు చెల్లించని వర్తకునికి ఇది పెద్ద పని కాదు.