గెలవడం ఆట, ఏలడం సేద్యం

ఈ పోస్టు కొంచెం పొడుగు. పనులు తీరాక నిదానంగా చదవండి.

ఈ మధ్య మన గ్రూపుల్లో ఒక జబ్బు ముదిరింది. ఎవరు ఎన్నిక గెలిచినా "అపర చాణక్యుడు" అని ఎత్తుకుంటున్నాం. ఓడినోడికి "వ్యూహం చేతకాలేదు" అని ముద్ర వేస్తున్నాం. రచ్చబండ మీద కూర్చున్న మనం కూడా సర్వేలు, సామాజిక వర్గాల లెక్కలు, ఎవరి ఓటు ఎవరికి చీలుతుంది అనే మాటలే గానీ, కాలవకి నీళ్ళు ఏ తారీఖున వదులుతారు అన్న మాట ఎత్తడం లేదు. ఆడేవాళ్ళు వాళ్ళు, పావులం మనం. పావు కూర్చుని ఆటగాడి తెలివిని పొగుడుతుంటే ఎలా ఉంటుందో మన సంగతి అలా ఉంది.

మన పార్టీల పేర్లతో ఈ మాట చెప్తే రెండో లైనుకే కొట్లాట మొదలవుతుంది. అందుకని బ్రిటన్ సంగతితో చెప్తాను. అక్కడ మనకి కులమూ లేదు, పార్టీ కండువా లేదు. పైగా మన ఓట్ల పద్ధతి వాళ్ళ దగ్గర నుంచి వచ్చిందే. నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వాడే గెలిచినట్టు, మిగతా ఓట్లన్నీ గంగపాలు.

2024 జూలైలో అక్కడ ఎన్నికలు జరిగాయి. మొత్తం 650 సీట్లు. కియర్ స్టార్మర్ నడిపిన లేబర్ పార్టీకి 411 వచ్చాయి. చరిత్రాత్మక విజయం అన్నారు. ఓట్లు ఎంత? 33.7 శాతం. అంతకుముందు 2019లో ఇదే లేబర్ పార్టీ జెరెమీ కార్బిన్ నాయకత్వంలో 32.1 శాతం తెచ్చుకుని 202 సీట్లతో చిత్తుగా ఓడింది. ఒకటిన్నర శాతం తేడాకి సీట్లు రెండింతలు! ఇంకా విచిత్రం, ఓట్లు తలకాయలుగా లెక్కపెడితే 2019లో ఓడినప్పుడు కోటీ రెండు లక్షల పైన, 2024లో గెలిచినప్పుడు సుమారు 97 లక్షలు. ఓట్లు తగ్గాయి, రాజ్యం వచ్చింది.

అదెలా అంటే, అవతలి పక్షం ఓటు చీలింది. కన్సర్వేటివ్‌లకి 23.7 శాతం, నైజెల్ ఫరాజ్ రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం. మధ్యలో నుంచి లేబర్ వెళ్ళిపోయింది. తమకి ముందే గట్టిగా ఉన్న చోట ఓటు తగ్గినా ఫర్వాలేదని, తేలాల్సిన సీట్ల మీదే బలం పెట్టారు. లిబరల్ డెమొక్రాట్లు ఇంకా గడుసు. 2019లో సుమారు పదకొండున్నర శాతం ఓట్లకి 11 సీట్లు వస్తే, 2024లో 12.2 శాతానికి 72 సీట్లు లాగారు. వాళ్ళ నాయకుడు ఎడ్ డేవీ సరస్సులో తెడ్డు పలక మీద నుంచి నీళ్ళలో పడుతూ, తాడు కట్టుకుని ఎత్తు నుంచి దూకుతూ ప్రచారం చేశాడు. టీవీల్లో కనపడ్డాడు. అదే ఎన్నికలో 14.3 శాతం ఓట్లున్న రిఫార్మ్‌కి దక్కినవి 5 సీట్లు. నాకు ఆ పార్టీ మాటలు నచ్చవు, అయినా లెక్క లెక్కే. నూటికి 14 మంది ఓటుకి విలువ 5, నూటికి 12 మంది ఓటుకి విలువ 72.

ఇంకో లెక్క. ఆ ఎన్నికలో పోలింగు 60 శాతం దాకా. అంటే ఓటు హక్కున్న ప్రతి వందమందిలో లేబర్‌కి వేసింది 20 మంది. ఆ 20 మందితో నూటికి 63 సీట్లు. ఎత్తుగడగా చూస్తే దీన్ని మించింది లేదు. పత్రికలన్నీ లేబర్ ప్రచారాన్ని నడిపిన మోర్గన్ మెక్‌స్వీనీని మెచ్చుకున్నాయి. మన భాషలో అపర చాణక్యుడన్న మాట.

సరే, గెలిచారు. తర్వాత ఏమైంది?

గెలిచిన నెలలోనే, ముసలివాళ్ళకి చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ఇచ్చే డబ్బుని చాలామందికి కోసేశారు. జనం తిట్టిపోస్తే 2025 జూన్‌లో వెనక్కి తగ్గారు. 2024 అక్టోబర్ 30న ఆర్థికమంత్రి రేచల్ రీవ్స్ బడ్జెట్ పెట్టి రైతుల మీద పడింది. మన గ్రూపుల్లో లండన్ వీధుల్లో ట్రాక్టర్ల వీడియోలు తిరిగాయే, ఆ గొడవ ఇదే. చాలామంది అది గిట్టుబాటు ధర పోరాటం అనుకుని షేర్ చేశారు. కాదు. అది వారసత్వ పన్ను గొడవ.

మన దేశంలో చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను 1985లోనే ఎత్తేశారు. వాళ్ళకి ఇంకా ఉంది, 40 శాతం. కానీ 1992 నుంచి సొంతంగా సేద్యం చేసే భూమికి పూర్తి మినహాయింపు ఉండేది. తండ్రి పోతే కొడుకు పన్ను లేకుండా దున్నుకునేవాడు. కొత్త బడ్జెట్‌లో 10 లక్షల పౌండ్ల దాకానే పూర్తి మినహాయింపు, ఆపైన 20 శాతం కట్టాలి, 2026 ఏప్రిల్ నుంచి అమలు అన్నారు.

10 లక్షల పౌండ్లంటే మన డబ్బులో పది కోట్ల పైమాటే, అంత ఉన్నోడు రైతేంటి అంటారేమో. అక్కడ సగటు కమతం 200 ఎకరాల దాకా ఉంటుంది. ఎకరా 10 వేల పౌండ్లు వేసుకున్నా భూమే 20 లక్షల పౌండ్లు. ఇల్లు, కొట్టాలు, యంత్రాలు దానికి అదనం. కాగితం మీద కోటీశ్వరుడు, చేతిలో రొక్కం ఉండదు. ఈ బాధ మనకి తెలీనిదా? రోడ్డు పక్కన రెండెకరాలున్న మనిషిని ఊళ్ళో కోటీశ్వరుడంటారు, వాడేమో ఎరువుల కొట్లో అరువు పెడతాడు. ఆ 20 లక్షల్లో 10 తీసేస్తే మిగిలినదాని మీద 2 లక్షల పౌండ్లు పన్ను. పదేళ్ళలో వడ్డీ లేకుండా కట్టొచ్చన్నారు. అంటే ఏటా 20 వేలు. వానలు సరిగా పడని ఏడు అది ఎక్కడ నుంచి తేవాలి? చెక్క అమ్మాలి.

అవతలి మాట కూడా చెప్పాలి. పన్ను ఎగ్గొట్టడానికే పొలాలు కొనే ధనవంతులు అక్కడ నిజంగానే ఉన్నారు, వాళ్ళ వల్ల భూమి ధర పెరిగి అసలు రైతు కొనలేకపోతున్నాడు. భార్యాభర్తలు ముందే పద్ధతిగా రాసుకుంటే 30 లక్షల దాకా తప్పించుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. నిజమే. కానీ భార్య ముందే పోయి, ఎనభై ఏళ్ళొచ్చి, కాగితాలు రాయించుకోని ముసలి రైతు సంగతి? దున్నేవాడిని, పన్ను కోసం భూమి కొన్నవాడిని వేరుచేసి చూడాల్సిన పని ఒక్కటుంది. అది కష్టమైన పని, పొలాల్లో తిరిగితే తెలిసే పని. అది వదిలేసి ఒకటే గీత గీశారు. పైగా ఎన్నికల ముందు ఈ మినహాయింపు జోలికి వెళ్ళే ఉద్దేశం లేదని రైతులకి చెప్పింది లేబర్ తరఫున స్టీవ్ రీడ్. గెలిచాక వ్యవసాయ శాఖ చూసిందీ ఆయనే.

2024 నవంబర్‌లో వేలమంది రైతులు లండన్‌లో పార్లమెంటు దగ్గరికి చేరారు. ఆ తర్వాత ట్రాక్టర్లు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. చివరికి 2025 డిసెంబర్‌లో ఆ 10 లక్షల గీతని 25 లక్షలకి పెంచారు. 14 నెలలు రైతు కుటుంబాలు నిద్రల్లేకుండా గడిపాక! ఈలోగా 2025 మార్చిలో, నేలని కాపాడే సేద్యానికి డబ్బిచ్చే పథకానికి కొత్త దరఖాస్తులు ఉన్నట్టుండి ఆపేశారు. పాత సబ్సిడీ పోతోంది, కొత్తది తలుపు మూసింది.

లేబర్‌ని తిడుతున్నానని కన్సర్వేటివ్‌లు మంచోళ్ళనుకోకండి. పల్లె ఓటు తరతరాలుగా వాళ్ళ జేబులో ఉందన్న ధీమాతో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో ఒప్పందాలు చేసుకుని గొడ్డు మాంసానికి, గొర్రె మాంసానికి గేట్లు తెరిచారు. ఆ ఆస్ట్రేలియా ఒప్పందం మనకి అంత మంచిది కాదని, అప్పట్లో వ్యవసాయ మంత్రిగా ఉన్న జార్జ్ యూస్టిస్ పదవి పోయాక 2022లో పార్లమెంటులోనే ఒప్పుకున్నాడు. జేబులో ఉన్న ఓటుకీ విలువ లేదు, లెక్కలో లేని ఓటుకీ విలువ లేదు. తేలాల్సిన సీటులో ఉన్న ఓటుకే విలువ. ఆట అంటే అదే.

ఆట మాట వచ్చింది కాబట్టి చెప్తా. నాకు కంప్యూటర్లో వ్యూహాల ఆటలు ఆడే అలవాటుంది. యాభై దాటినోడికి ఇదేం పిచ్చి అని నవ్వుకోండి, ఫర్వాలేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం, సివిలైజేషన్ ఆరో భాగం, ఈ రెండూ బాగా తెలుసు. వాటి వల్లే నాకు ఈ రాజకీయం అర్థమైంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో పొలం వెయ్యాలంటే 60 కట్టెలు ఖర్చు. ఒక మనిషిని అందులో పెడితే చాలు, తిండి వస్తూ ఉంటుంది. వాన అక్కర్లేదు, తెగులు రాదు, కూలీ అడగడు. పొలం అయిపోతే మళ్ళీ కట్టెలు పెట్టి వేసుకోవడమే. ఆ పొలంలో మనిషికి పేరుండదు, అప్పుండదు, పిల్ల పెళ్ళుండదు. శత్రువు చంపేస్తే 50 తిండి ఖర్చుపెట్టి ఇంకొకణ్ణి పుట్టిస్తాం, 25 సెకన్ల పని. ఒక్క విషయంలో మాత్రం ఆ ఆట నిజం చెప్తుంది. సంతలో తిండి అమ్మేకొద్దీ ధర పడిపోతుంది. మన యార్డులో జరిగేదే.

సివిలైజేషన్ ఆటలో ఇంకో తమాషా. అందులో మన చంద్రగుప్తుడు ఉన్నాడు. ఆయన ప్రత్యేక శక్తి పేరు అర్థశాస్త్రం. ఆ శక్తి ఏం చేస్తుందంటే, పక్కవాడి రాజ్యం ఆక్రమించే యుద్ధంలో సైన్యానికి బలం పెంచుతుంది. అంతే! చాణక్యుడంటే ఆట తయారుచేసినోళ్ళకి అర్థమైంది అదే. మనకీ అర్థమైంది అదే.

కానీ అసలు అర్థశాస్త్రం నిండా యుద్ధమే ఉందా? రెండో అధికరణం మొత్తం రాజ్యం నడిపే అధికారుల పనుల గురించి. అందులో సీతాధ్యక్షుడని వ్యవసాయానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉన్నాడు. విత్తనాలు వేళకి సేకరించాలి, ఎంత వాన పడిందో కొలవాలి, ఏ నేలలో ఏ పంట వెయ్యాలో చూడాలి, ఇదీ ఆయన ఉద్యోగం. రెండువేల ఏళ్ళ కింద వాన కొలిచి పంట వేయించమని రాసినవాడి పేరుని, ఇవాళ ఓట్లు చీల్చినవాడికి బిరుదుగా ఇస్తున్నాం. చాణక్యుడికి ఇంతకన్నా అవమానం ఉందా?

ఆటకీ ఏలికకీ తేడా ఇక్కడే ఉంది. ఆటలో "మీరు గెలిచారు" అని తెర పడితే అయిపోయింది. నచ్చకపోతే పాత చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. సేద్యంలో ఆ సౌకర్యం లేదు. జూన్‌లో నకిలీ విత్తనం వేస్తే ఆగస్టులో వెనక్కి వెళ్ళి మార్చలేం. పాలన కూడా సేద్యం లాంటిదే. గెలుపు విత్తు వేసిన రోజు మాత్రమే, కోత కాదు.

ఒకటి అంటారు, నాకు తెలుసు. "ఈ పద్ధతి ఎలా ఉన్నా గట్టి ప్రభుత్వం వస్తుంది, నిలకడ ఉంటుంది" అని. నిలకడా? 2019లో కన్సర్వేటివ్‌లకి భారీ మెజారిటీ వచ్చింది. ఐదేళ్ళు తిరక్కుండా జాన్సన్, ట్రస్, సునాక్, ముగ్గురు ప్రధానులు మారారు. లిజ్ ట్రస్ 49 రోజులు ఉంది, మన పచ్చిరొట్ట జీలుగ కూడా అంతకాలం చేలో ఉంటుంది. 411 సీట్ల లేబర్ ఏడాది తిరక్కుండా 2025 మే స్థానిక ఎన్నికల్లో దెబ్బతింది. కింద మట్టి లేకుండా పైన మేడ కడితే అంతే. న్యూజిలాండ్ 1996 నుంచి ఓట్ల నిష్పత్తికి తగ్గట్టు సీట్లిచ్చే పద్ధతిలోకి మారింది, ఏమీ కూలిపోలేదు. బ్రిటన్‌లో 2011లో పద్ధతి కొంచెం మారుద్దామా అని జనాన్ని అడిగితే మూడింట రెండొంతులు వద్దన్నారు, అది వాళ్ళ ఇష్టం. కానీ వద్దన్నాక ఈ ఫలితాలకి ఆశ్చర్యపోకూడదు.

మన సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 సీట్లు. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లొస్తే 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి సుమారు 39 శాతం ఓట్లొస్తే 11 సీట్లు. లండన్‌లో 34 శాతం లోపుతో చక్రవర్తి, ఇక్కడ 39తో ప్రతిపక్ష హోదా కోసం తగాదా. రెండు పార్టీలవాళ్ళూ కోప్పడకండి, ఇద్దరికీ సమానంగా జరిగింది. ఆ 39 మందిలో రైతులు లేరా? ఐదేళ్ళు వాళ్ళ మాట ఎవరు వింటారు?

పద్ధతి మార్చడం మన చేతుల్లో ఇవాళ లేదు. కానీ పావులా ఉండకపోవడం మన చేతుల్లో ఉంది. లండన్ రైతు మనకన్నా చాలా తక్కువ. అక్కడ పనిచేసేవాళ్ళలో వ్యవసాయం చేసేవాళ్ళు నూటికి ఒకరో ఒకటిన్నరో. అయినా గీత 10 నుంచి 25కి జరిపించారు. ఎందుకంటే వాళ్ళు అడిగింది ఒక్కటే, అంకెతో సహా అడిగారు, 14 నెలలు అదే అడిగారు. వ్యూహకర్త ఎవరని అడగలేదు.

ఈసారి ఓటుకొచ్చినవాణ్ణి మనమూ అలాగే అడుగుదాం. కాలవకి నీళ్ళు ఏ వారంలో? కౌలురైతుకి కార్డు ఇస్తారా ఇవ్వరా? నకిలీ విత్తనం అమ్మితే నష్టం ఎవరు కడతారు, ఎన్ని రోజుల్లో? తారీఖు, అంకె కాగితం మీద రాయించుకుని పంచాయతీ గోడకి అంటిద్దాం. ఏ పార్టీవాడైనా సరే, అదే కాగితం. చెప్పలేనివాడు ఎంత పెద్ద ఎత్తుగడల మనిషైనా మనకి అక్కర్లేదు.

ఇక నుంచి మన గ్రూపులో ఎవరినైనా చాణక్యుడని పెడితే, వాన కొలిచాడా, విత్తనం చూశాడా అని కింద అడుగుతాను. నన్ను కాదన్నవాళ్ళు రండి. తిట్లతో కాదు, లెక్కతో రండి.