స్ప్రింగులు కోసి స్టైలంటే ఎలా?

"బండి నాది, డబ్బులు నావి, మధ్యలో నీకేంటి నొప్పి?" కారు స్ప్రింగులు కోయించి నేలకి దించేసేవాళ్ళ నోట్లో రెడీగా ఉండే మాట ఇది. వీళ్ళలో నాలాగా బీటెక్ వెలగబెట్టినవాళ్ళూ ఉన్నారు. ఇంటర్లో చదివిన స్ప్రింగు పాఠం ఏమైపోయిందో మరి!

చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, పైకీ కిందికీ ఆడే జాగా తగ్గుతుంది. గుంటలో పడగానే సస్పెన్షన్ పూర్తిగా అణిగిపోయి బంప్ స్టాపుకి కొట్టుకుంటుంది. ఆ దెబ్బకి టైరు రోడ్డుని వదిలేస్తే బ్రేకు ఎంత తొక్కి ఏం లాభం? చక్రం కిందికి వేలాడినప్పుడు ఆ పొట్టి స్ప్రింగు తన సీటులోంచి పక్కకి జారిపోవచ్చు కూడా. ఎదురుగా స్కూటర్ మీద వచ్చేవాడు మీ 'ఇష్టా'నికి ఒప్పుకుని సంతకం పెట్టాడా?

టైర్లూ అంతే. 185/65 ఆర్15 తీసేసి అదే రిమ్ముకి 205/65 ఎక్కిస్తే చుట్టుకొలత 4 శాతం పెరుగుతుంది. మీటరు ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. (అదే మోడల్లో పై వేరియంటుకి కంపెనీ ఇచ్చే సైజు వేసుకుంటే నాకేం పేచీ లేదు.)

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే తేల్చింది. ఆ ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదీ ఓనరుకే రాశారు. గ్రైండరుతో స్ప్రింగు కోసిచ్చిన షాపువాడి మాట అక్కడ లేదు, నాకు మండేది అక్కడే!

రేపు ఏదైనా జరిగి ఇన్సూరెన్సువాళ్ళు క్లెయిము దగ్గర పేచీ పెడితే, "బండి నాది, నా ఇష్టం" అని వాళ్ళకి చెప్పి చూడండి.